పన్ను వద్దన్నవాళ్లు రాజునే వద్దనేదాకా ఎలా వెళ్లారు? (అమెరికా, 1763–1776)

సీతాకోక

అందరికీ నమస్కారం. 2026 జూలై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకి 250 ఏళ్లు నిండుతాయి కదా, ఆ సందర్భంగా కొంత చదువుతున్నాను. ఒక దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్లు చెప్తారని ఇక్కడ పెడుతున్నా.

న్యూయార్క్‌లో బౌలింగ్ గ్రీన్ అనే చోట 1770లో అప్పట్లో తమని ఏలుతున్న ఇంగ్లండ్ రాజు మూడో జార్జి విగ్రహం పెట్టారు. గుర్రమెక్కిన రాజు, సీసంతో పోతపోసి పైన బంగారు పూత. స్టాంపు పన్ను రద్దయిందన్న సంతోషంలో అక్కడి శాసనసభ తనంతట తాను డబ్బు మంజూరు చేసి తెప్పించుకున్న విగ్రహం అది. 1776 జూలై 9న స్వాతంత్ర్య ప్రకటన చదివి వినిపించిన సాయంత్రమే జనం దానికి తాళ్లు కట్టి లాగి పడేశారు. ఆ సీసంలో చాలా భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కి చేరితే, అక్కడ ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని కరిగించి తూటాలు పోశారు. మొత్తం 42,088 తూటాలని లెక్క కూడా రాసిపెట్టారు.

మధ్యలో ఉన్నది ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో వీళ్ల మనసు అంతగా ఎలా విరిగింది? "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు" అని స్కూల్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, నాకది చాలట్లేదు. వీళ్లు మొదట్నుంచీ స్వాతంత్ర్యమే కోరుకున్నారా, లేక జరిగిన సంఘటనలు అక్కడికి నెట్టాయా?

పాతపేజీలు

మంచి ప్రశ్న వేశావమ్మా. నేను కాలేజీలో ఈ పాఠం చాలా ఏళ్లు చెప్పాను. నా సమాధానం సూటిగా: మొదట్నుంచీ స్వాతంత్ర్యం కోరుకున్నవాడు దాదాపు లేడు. 1763లో ఫ్రాన్సు మీద యుద్ధం గెలిచినప్పుడు బోస్టన్‌లో, ఫిలడెల్ఫియాలో ఉన్నవాళ్లు తమని తాము ఇంగ్లీషువాళ్లమనే అనుకుని గర్వపడ్డారు.

ఆ గెలుపుతోనే చిక్కు మొదలైంది. ఏడేళ్ల యుద్ధానికి ముందు సుమారు 7.5 కోట్ల పౌండ్లున్న బ్రిటన్ అప్పు, యుద్ధం ముగిసేసరికి 13 కోట్ల దాకా పెరిగింది. పైగా అమెరికాలో పదివేల సైన్యాన్ని ఉంచాలని నిర్ణయించారు. ఖర్చులో కొంతైనా అక్కడివాళ్లే పెట్టుకోవాలి కదా అని ప్రధాని గ్రెన్‌విల్ లెక్క వేశాడు. లండన్‌లో కూర్చుని చూస్తే అందులో అన్యాయమేమీ కనపడదు. 1764లో చక్కెర చట్టం వచ్చింది. అందులో బెల్లపు మడ్డి మీద సుంకాన్ని గ్యాలనుకి 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకి తగ్గించారు! కాకపోతే అంతకుముందు ఎవరూ కట్టని సుంకాన్ని ఈసారి నిజంగా వసూలు చేస్తామన్నారు. 1765 మార్చిలో స్టాంపు చట్టం. దస్తావేజులు, వార్తాపత్రికలు, పంచాంగాలు, పేకముక్కలు, డిగ్రీ పట్టాలు, అన్నిటికీ స్టాంపు కాగితమే వాడాలి.

ఇక్కడ ఒకటి గమనించు. ఈ పన్ను ఎవరి మీద పడింది? లాయర్లు, పత్రికలవాళ్లు, వర్తకులు. అంటే నోరున్నవాళ్ల మీద, అచ్చుయంత్రం చేతిలో ఉన్నవాళ్ల మీద. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

కృష్ణలంక

మాస్టారూ, నేను కొంచెం అడ్డం వస్తా. ఇంగ్లండ్‌లో సామాన్యుడు కట్టే పన్నుతో పోలిస్తే అమెరికా వాళ్లు కట్టేది నామమాత్రం. వాళ్ల కోసమే యుద్ధం చేసి, వాళ్ల సరిహద్దులో సైన్యం పెట్టి, అందులో కొంత భారం మోయమంటే "హక్కులు" అని గొడవ! నాకైతే ఇది దొంగసరుకు వ్యాపారులూ భూముల వ్యాపారులూ కలిసి నడిపిన వ్యవహారంలాగే కనిపిస్తుంది. 1763లో రాజు అపలాచియన్ కొండలకి పడమట కొత్తగా ఎవరూ స్థిరపడకూడదని ప్రకటించాడు. ఒహాయో లోయలో భూముల మీద కన్నేసినవాళ్లలో జార్జి వాషింగ్టన్ కూడా ఉన్నాడు. జాన్ హాన్‌కాక్ ఓడని 1768లో కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. ఎవరి కడుపు మండిందో చూస్తే కథ అర్థమవుతుంది.

నల్లకోటు

కృష్ణలంక గారూ, భూముల మాట నిజమే, హాన్‌కాక్ సంగతీ నిజమే. కానీ డబ్బు ఒక్కటే గొడవైతే 1766లో అయిపోయుండాలి. స్టాంపు చట్టాన్ని ఆ ఏడాది మార్చి 18న రద్దు చేశారు. గంటలు మోగించారు, దీపాలు పెట్టుకున్నారు, సీతాకోక గారు చెప్పిన విగ్రహం ఆ సంబరంలో పుట్టిందే.

కానీ రద్దు చేసిన రోజే పార్లమెంటు ఇంకో చట్టం చేసింది, దాన్ని చాలామంది దాటేస్తారు. డిక్లరేటరీ చట్టం. అన్ని విషయాల్లోనూ, అది ఎలాంటి విషయమైనా సరే, కాలనీలని బంధించే చట్టాలు చేసే అధికారం మాకుంది అని రాసుకున్నారు. వకీలుగా చూస్తే నాకు అసలు దావా అక్కడ కనిపిస్తుంది. పన్ను ఎంత అన్నది కాదు. ఈ రోజు 3 పెన్నీలు వేసే అధికారం ఒప్పుకుంటే రేపు మా శాసనసభ ఎందుకు, మా జ్యూరీ ఎందుకు అన్న భయం.

ఆ శాసనసభలు ఊరికే పేరుకి ఉన్నవి కావు. వర్జీనియాలో ప్రతినిధుల సభ 1619 నుంచీ ఉంది. పన్ను వేసేదీ, గవర్నరు జీతం మంజూరు చేసేదీ వాళ్లే. నూటయాభై ఏళ్లుగా తమ ఇంటి లెక్క తామే చూసుకుంటున్నవాళ్లకి ఉన్నట్టుండి పైనుంచి ఒకడొచ్చి ఖాతా పుస్తకం ఇటివ్వమంటే ఎలా ఉంటుంది? "మీకు ఓటు లేకపోయినా పార్లమెంటు సభ్యులు సామ్రాజ్యం మొత్తానికీ ప్రతినిధులే" అని లండన్ వాదించింది. మూడు వేల మైళ్ల అవతల, మా పన్ను పెరిగితే తమ పన్ను తగ్గే సభ్యులు మాకెలా ప్రతినిధులవుతారని వీళ్లు అడిగారు. దానికి లండన్ దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు.

బేస్టేట్ బావ

నేను మసాచుసెట్స్‌లో ఉంటాను, ఇక్కడి విషయాలు కొంచెం ఎక్కువ తెలుసు. లాయర్ల వాదన ఒక పక్కన పెట్టి, వీధిలో ఏం జరిగిందో కూడా చూడాలి, ఎందుకంటే స్టాంపు చట్టాన్ని ఆపింది వాదన కాదు.

1765 ఆగస్టు 14 పొద్దున బోస్టన్‌లో ఒక పెద్ద ఎల్మ్ చెట్టుకి స్టాంపులు అమ్మాల్సిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ వేలాడుతోంది. సాయంత్రానికి ఆ బొమ్మని ఊరేగించి తగలబెట్టారు, అతని ఇంటి మీద పడ్డారు. ఆలివర్ ఆ పదవి వద్దని చెప్పేశాడు. ఆ గుంపుని నడిపినవాడు ఎబెనెజర్ మెకింటోష్ అనే చెప్పులు కుట్టేవాడు. పన్నెండు రోజుల తర్వాత లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇంటిని నేలమట్టం చేసినంత పని చేశారు. హచిన్సన్ బోస్టన్‌లోనే పుట్టినవాడు, పరాయివాడేం కాదు. నవంబరు 1న చట్టం అమల్లోకి వచ్చేసరికి స్టాంపులు అమ్మే మనిషే మిగల్లేదు, జార్జియాలో కొద్దిగా అమ్మడం తప్ప.

ఇందులో గూండాయిజం ఉంది, నేను కాదనను. ఒకడి పుస్తకాలూ కాగితాలూ వీధిలో పారేయడం ఏ హక్కుల పోరాటమూ కాదు. ఆ తర్వాత నాయకులు కూడా అదే గ్రహించి వేరే దారి పట్టారు. అదే బహిష్కరణ. 1767లో లండన్‌లో ఆర్థికమంత్రి టౌన్‌షెండ్ గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేస్తే ఇంగ్లండ్ సరుకు కొనం అని ఊరూరా సంతకాలు చేశారు. ఇంగ్లండ్ బట్ట మానేయాలంటే ఇంట్లో నూలు వడకాలి. ఆడవాళ్లు పాస్టరు ఇంటి దగ్గర రాట్నాలతో చేరి పొద్దుగుంకేదాకా వడికేవాళ్లు. వీళ్లలో చాలామంది అంతకుముందు రాజకీయం మాట్లాడని వాళ్లు. మనకి ఖద్దరు ఉద్యమం తెలుసు కాబట్టి ఇందులో ఉన్న బలం వేరే చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు రమ

బావ గారూ, చివరి ముక్క బాగుంది. 1774 అక్టోబరులో నార్త్ కరోలినాలో ఈడెంటన్ అనే ఊళ్లో 51 మంది ఆడవాళ్లు బహిష్కరణకి మద్దతుగా తమ పేర్లతో సంతకాలు పెట్టారు. లండన్‌లో వాళ్లని వెక్కిరిస్తూ కార్టూన్ కూడా వేశారు. పేరు దాచుకోకుండా సంతకం పెట్టడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మరి బోస్టన్ కాల్పుల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

పాతపేజీలు

వస్తున్నానమ్మా అక్కడికే. 1768 అక్టోబరులో బోస్టన్‌కి సైన్యం దిగింది. శత్రువు లేని ఊళ్లో సైన్యం. జీతం చాలక ఆ సిపాయిలు ఖాళీ వేళల్లో తక్కువ కూలికి పనులకి వెళ్లేవాళ్లు, ఊరి కూలీలకి కడుపు మంట. 1770 మార్చి 2న తాళ్లు పేనే కార్ఖానా దగ్గర అలాంటి గొడవే జరిగింది. అది ముదిరి 5వ తేదీ రాత్రి కస్టమ్స్ ఆఫీసు ముందు కాల్పులైంది. అయిదుగురు చనిపోయారు. వాళ్లలో క్రిస్పస్ అటక్స్ ఆఫ్రికన్, స్థానిక అమెరికన్ సంతతివాడు.

రెండు విషయాలు చెప్తాను. ఒకటి, సరిగ్గా అదే మార్చి 5న లండన్‌లో ప్రధాని నార్త్, టీ తప్ప మిగతా సుంకాలన్నీ ఎత్తేద్దామని పార్లమెంటులో ప్రతిపాదించాడు. ఆ కబురు ఇక్కడికి చేరడానికి వారాలు పడుతుంది. రెండు, ఆ సిపాయిల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత రెండో అధ్యక్షుడైనవాడు. కెప్టెన్ ప్రెస్టన్, ఆరుగురు సిపాయిలు నిర్దోషులని తేలింది. ఇద్దరికి బొటనవేలి మీద వాత పెట్టి వదిలేశారు. మసాచుసెట్స్ జ్యూరీ ఇంగ్లీషు సిపాయిలని వదిలేసిందంటే 1770లో కూడా వీళ్లు ఇంగ్లీషు న్యాయాన్ని తమదే అనుకుంటున్నారన్నమాట. తెగతెంపులు చేసుకోవాలనుకునేవాళ్లు అలా చేయరు.

ఆ తర్వాత మూడేళ్లు దాదాపు ప్రశాంతం. టీ మీద సుంకాన్ని కూడా ఆ రోజే ఎత్తేసి ఉంటే, గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చేది కాదని నా నమ్మకం.

గోదారోడు

టీ అనగానే నేను రావాల్సిందే, ఎందుకంటే ఇక్కడ కథ మన దగ్గరికి వస్తుంది.

1765 ఆగస్టులో, అంటే బోస్టన్‌లో దిష్టిబొమ్మ తగలబెట్టిన నెలలోనే, మొఘల్ చక్రవర్తి షా ఆలం నుంచి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు, తీసుకుంది. ఉత్తర సర్కారులకి ఫర్మానా తెచ్చుకుందీ అప్పుడే. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం చేసుకుని ఆ ఫర్మానాని ఖాయం చేసుకుంది. అలా శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి కంపెనీ లెక్కలోకి వెళ్లాయి. అక్కడ పన్ను వేయడానికి వీల్లేదని వాళ్లు పోట్లాడుతున్న ఏడాదే ఇక్కడ మన శిస్తు ఎవరికి కట్టాలో మనల్ని అడక్కుండా చేతులు మారిపోయింది.

అంత రాబడి చేతికొచ్చాక కూడా కంపెనీ 1772కల్లా దివాలా అంచుకొచ్చింది. సైన్యాల ఖర్చు, వాటాదార్లకి డివిడెండ్లు, లంచాలు, పైగా 1769–70లో బెంగాల్‌లో ఘోరమైన కరువు. లండన్ గోదాముల్లో సుమారు 1.7 కోట్ల పౌన్ల టీ అమ్ముడుపోకుండా మూలుగుతోంది. 1773లో పార్లమెంటు కంపెనీకి 14 లక్షల పౌండ్ల అప్పిచ్చి, రెగ్యులేటింగ్ చట్టంతో దాని మీద అదుపు పెట్టి, టీ చట్టంతో ఆ సరుకుని నేరుగా అమెరికాలో అమ్ముకోమంది. అంటే మన పుస్తకాల్లో ఒక పాఠంలో ఉండే రెగ్యులేటింగ్ చట్టమూ, ఇంకో పాఠంలో ఉండే బోస్టన్ టీ పార్టీ ఒకే దివాలాకి పుట్టిన కవలలు.

ఈ సంగతి అమెరికా వాళ్లకి తెలుసు కూడా. పెన్సిల్వేనియా లాయరు జాన్ డికిన్సన్ 1773 నవంబరులో మారుపేరుతో రాసిన ఒక కరపత్రంలో కంపెనీ ఆసియాలో ఏం చేసిందో చూడండి, ఒక్క ఏడాదిలో 15 లక్షల మంది కరువుతో చచ్చిపోయారట, ఇప్పుడు వాళ్ల కన్ను మన మీద పడింది అని హెచ్చరించాడు. చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. బెంగాల్ ఆకలి చావులు ఫిలడెల్ఫియాలో రాజకీయ వాదన అయ్యాయి.

కృష్ణలంక

గోదారోడు అన్నా, చాలా మంచి పోస్టు. కానీ ఒక్కటి చెప్పు. టీ చట్టంతో టీ ధర తగ్గింది. సుంకం కలుపుకున్నా హాలండ్ నుంచి దొంగచాటుగా వచ్చే టీ కంటే ఖరీదేమీ కాదు. చవకైన సరుకుని సముద్రంలో పారేశారంటే ఎవరికి నష్టమని? మళ్లీ దొంగసరుకు వర్తకులకే కదా!

బేస్టేట్ బావ

కృష్ణలంక, వర్తకుల స్వార్థం ఉంది, కానీ ఆ రాత్రి ఓడలెక్కినవాళ్లలో ఎక్కువమంది వర్తకులు కాదు. చేతిపనులవాళ్లు, అప్రెంటిస్ కుర్రాళ్లు. జార్జి హ్యూస్ అనే ఒకాయన చెప్పులు కుట్టి బతికేవాడు, ముసలితనంలో ఆ రాత్రి సంగతులన్నీ చెప్పాడు. చవకగా ఇస్తున్నారు కాబట్టే ప్రమాదం అని వాళ్లు అనుకున్నారు. కొన్నామంటే సుంకం కట్టినట్టు, కట్టామంటే ఆ అధికారం ఒప్పుకున్నట్టు. పైగా బోస్టన్‌లో ఆ టీ అమ్మే హక్కు దక్కింది ఎవరికి? కొద్దిమందికి, వాళ్లలో గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు.

న్యూయార్క్, ఫిలడెల్ఫియాకి బయల్దేరిన ఓడల్ని వెనక్కి పంపేశారు. చార్లెస్టన్‌లో టీ దించి గోదాములో తాళం పెట్టారు. బోస్టన్‌లో మాత్రం హచిన్సన్ ఓడని వెనక్కి పోనివ్వడు, వీళ్లు సరుకు దించనివ్వరు. ఇరవై రోజుల గడువు డిసెంబరు 17న ముగుస్తుంది, ఆ తర్వాత కస్టమ్స్ వాళ్లు జప్తు చేసుకోవచ్చు. అందుకని 16 రాత్రి. డార్ట్‌మత్, ఎలినార్, బీవర్ అనే మూడు ఓడలు, 342 పెట్టెలు, 92 వేల పౌన్ల పైచిలుకు చైనా టీ. పెట్టెలు పైకి లాగి గొడ్డళ్లతో పగలగొట్టి నీళ్లలో వేశారు. ఆటుపోటుల్లో అది ఆటు సమయం, నీరు తక్కువ, టీ ఓడ పక్కన గుట్టలుగా పేరుకుపోయింది. మర్నాడు పొద్దున పడవలేసుకెళ్లి తేలుతున్న టీని తెడ్లతో కొట్టి ముంచాల్సి వచ్చింది. ఒకడు కోటు అస్తరులో టీ దోపుకుంటుంటే హ్యూస్ పట్టుకున్నాడు, వాణ్ని అందరూ తన్ని తరిమారు. టీ తప్ప ఓడల్లో ఇంకేదీ ముట్టుకోలేదు. ఒక తాళం విరిగితే దానికి కొత్త తాళం తెచ్చిచ్చారు. 1765లో ఇల్లు కూల్చిన గుంపుకీ, 1773లో ఈ గుంపుకీ తేడా చూడండి.

ఇక దీనికి లండన్ ఇచ్చిన జవాబుతో వ్యవహారం పూర్తిగా చెడింది. 1774లో బోస్టన్ రేవు మూసేశారు, టీ ఖరీదు కట్టేదాకా తెరవమన్నారు. తప్పు చేసినవాడెవడో తేల్చకుండా ఊరు ఊరంతటికీ శిక్ష. అది చాలక మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టం తెచ్చారు: గవర్నరు సలహామండలిని ఇక రాజే నియమిస్తాడు, ఊరి సభలు గవర్నరు అనుమతి లేకుండా ఏడాదికి ఒకటే, జ్యూరీని షెరీఫే ఎంచుతాడు.

రేవు మూత బోస్టన్‌ని కొట్టింది. కానీ ఈ రెండో చట్టం ప్రతి పల్లెటూరి రైతునీ తాకింది, ఎందుకంటే రోడ్డు వేయాలన్నా, బడి పెట్టాలన్నా, అప్పు దావా తేలాలన్నా వాళ్లకి ఉన్నది ఊరి సభ, జిల్లా కోర్టు. 1774 సెప్టెంబరు 6న వూస్టర్‌లో జరిగింది మన తెలుగు పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు, అందుకే వివరంగా చెప్తా. ఆ రోజు కోర్టు కొత్త చట్టం కింద తెరవాలి. పొద్దున్నే చుట్టుపక్కల 37 ఊళ్ల నుంచి మిలీషియా దళాలు, అంటే ఊరివాళ్లే ఆయుధం పట్టే దళాలు, వచ్చాయి. ఒకాయన లెక్కపెట్టి డైరీలో రాసుకున్నాడు: 4,622 మంది. జిల్లాలో పెద్ద మగవాళ్లలో దాదాపు సగం. ఒక్కో ఊరి దళం ఒక్కో మనిషిని ఎన్నుకుంది, ఆ ఎన్నికైనవాళ్లు కూర్చుని కోర్టు అధికారులతో ఏం చెప్పించాలో రాశారు, తిరిగొచ్చి తమ దళాన్ని అడిగి ఒప్పించుకున్నారు. దీనికి ఎంతో సేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు. మధ్యాహ్నం దాటాక మెయిన్ స్ట్రీట్‌కి అటూ ఇటూ దళాలు వరసకట్టి నిలబడితే, జడ్జీలు, షెరీఫు, లాయర్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని మధ్యలో నడిచారు. ఆ చట్టం కింద మేం కొలువు చేయం అన్న కాగితాన్ని చివరిదాకా అందరికీ వినపడేలా ముప్పైసార్లకి పైగా చదివారు. ఒక్క తుపాకీ పేలలేదు. కోర్టు మూతపడింది. గ్రేట్ బారింగ్టన్, స్ప్రింగ్‌ఫీల్డ్‌లలో అంతకుముందే ఇలాగే మూయించారు. ఆ శరదృతువు చివరికి బోస్టన్ బయట, హచిన్సన్ తర్వాత గవర్నరైన జనరల్ గేజ్ మాట చెల్లే ఊరు లేదు.

అక్టోబరు 4న వూస్టర్ ఊరి సభ తమ ప్రతినిధి టిమతీ బిగెలో అనే కమ్మరికి ఇచ్చిన ఆదేశం ఏమిటో తెలుసా? పాత ప్రభుత్వం చెల్లదనుకుని జనమే కొత్తది కట్టుకోవాలని. స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి జెఫర్సన్ కలం పట్టడానికి ఇరవై నెలల ముందు.

సీతాకోక

బావ గారూ, నేను అడిగినదానికి దగ్గరగా వచ్చింది ఇదే. అయితే స్వాతంత్ర్యం 1774లోనే వచ్చేసిందంటారా? మరి తుపాకులు పేలింది 1775లో, ప్రకటన 1776లో!

నల్లకోటు

వూస్టర్ అంతా అమెరికా కాదు. అదే 1774 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్ కూర్చుంది, జార్జియా తప్ప 12 కాలనీలు వచ్చాయి. వూస్టర్ తీర్మానంలాంటి మాట అక్కడ ఎత్తితే సగంమంది లేచి వెళ్లిపోయేవాళ్లు. జోసెఫ్ గాలొవే ఒక రాజీ పథకం పెట్టాడు, అమెరికాకి సొంత గ్రాండ్ కౌన్సిల్ ఉండి అది పార్లమెంటుతో కలిసి పనిచేయాలని. ఒక్క ఓటు తేడాతో పక్కకి పోయింది. కాంగ్రెస్ చేసింది రెండు పనులు: రాజుకి విన్నపం పంపింది, సరుకుల బహిష్కరణకి ఊరూరా కమిటీలు ఎన్నుకోమంది.

ఆ విన్నపాన్ని లండన్ పట్టించుకోలేదు. 1774 నవంబరులోనే రాజు ప్రధాని నార్త్‌కి రాశాడు: వీళ్లు మన కింద ఉండాలో విడిపోవాలో ఇక దెబ్బలే తేల్చాలని. గమనించండి, "విడిపోవడం" అన్న మాట కాంగ్రెస్ కంటే ముందు రాజు నోట వచ్చింది. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో 8 మంది చచ్చిపోయాక కూడా, జూన్‌లో బంకర్ హిల్ దగ్గర వెయ్యి మందికి పైగా ఇంగ్లీషు సిపాయిలు దెబ్బతిన్నాక కూడా, జూలైలో కాంగ్రెస్ ఆలివ్ కొమ్మ విన్నపం అని ఇంకోటి పంపింది. రాసింది డికిన్సన్. తప్పంతా మంత్రులది, మీరు అడ్డుపడి కాపాడండి అని రాజుని వేడుకుంది. రాజు దాన్ని తీసుకోవడానికే ఒప్పుకోలేదు. ఆగస్టు 23న వీళ్లంతా తిరుగుబాటుదార్లు అని ప్రకటించాడు.

సీతాకోక గారూ, మీ విగ్రహం నా దృష్టిలో ఆ రోజు కూలింది. అప్పటిదాకా వీళ్ల వాదన అంతా "పార్లమెంటు మాకేమీ కాదు, రాజొక్కడే మాకు బంధం" అని. ఆ ఒక్క బంధాన్నీ రాజే తెంపాడు. అందుకే స్వాతంత్ర్య ప్రకటనలో 27 ఫిర్యాదులూ రాజు మీదే ఉంటాయి, పార్లమెంటు అన్న పేరే ఎత్తరు.

ఓరుగల్లు రమ

ఇంతసేపూ చదివాను. హక్కులు, సమ్మతి, ఊరి సభ... అన్నీ బాగున్నాయి. కానీ ఆ 25 లక్షల జనంలో సుమారు 5 లక్షల మంది బానిసలు. వాళ్ల సమ్మతి ఎవరడిగారు? 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు వచ్చి రాజు తరఫున పోరాడితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. వందలమంది ప్రాణాలకి తెగించి పారిపోయి చేరారు, చాలామంది మశూచితో పోయారు. దక్షిణాది తోటల యజమానులు అప్పుడు కదా రాజు మీద పూర్తిగా తిరగబడింది! జార్జి వాషింగ్టన్ బానిసల్లో హ్యారీ వాషింగ్టన్ అనే ఒకాయన ఇంగ్లీషువాళ్ల వైపు పారిపోయి, యుద్ధం అయ్యాక నోవా స్కోషియాకి, అక్కడ్నుంచి సియెర్రా లియోన్‌కి వెళ్లాడు. ఆయనకి స్వాతంత్ర్యం ఏ జెండా కింద దొరికింది?

స్థానిక తెగల సంగతి ఇంకా ఘోరం. 1779లో వాషింగ్టన్ పంపిన సలివన్ సైన్యం ఇరొక్వాయ్ ఊళ్లు 40కి పైగా తగలబెట్టింది, నిలబడున్న మొక్కజొన్న చేలతో సహా. 1783 సంధి పత్రంలో వాళ్ల ఊసే లేదు. అందుకే దీన్ని మన స్వాతంత్ర్య పోరాటంతో పక్కపక్కన పెడితే నాకు ఒప్పదు. మనది నేలకి చెందినవాళ్లు పరాయి పాలన మీద చేసిన పోరాటం. వీళ్లు ఒకరి నేలలో వచ్చి కూర్చున్నవాళ్లు.

కృష్ణలంక

రమక్కా, నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. 1763 ప్రకటన గీత ఎవరిని కాపాడింది, అది పోతే ఎవరికి లాభం?

పాతపేజీలు

రమ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా కొట్టేయడానికి లేదు. జెఫర్సన్ చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని తిట్టిన పేరా ఉంటే, సౌత్ కరోలినా, జార్జియా వాళ్లు ఒప్పుకోరని కాంగ్రెస్ తీసేసింది. అయితే ఒక్కమాట కలుపుతాను. మసాచుసెట్స్‌లో బానిసలు 1773 నుంచే శాసనసభకి అర్జీలు పెట్టారు, మీరు మీ స్వేచ్ఛ గురించి మాట్లాడుతున్నారు కదా, మా సంగతేమిటని. 1781లో ఎలిజబెత్ ఫ్రీమన్ అనే ఆమె కొత్త రాష్ట్ర రాజ్యాంగంలోని "అందరూ స్వేచ్ఛగా, సమానంగా పుట్టారు" అన్న మాట పట్టుకుని కోర్టుకెళ్లి గెలిచింది. రాసినవాళ్లు ఎవరిని తలుచుకుని రాశారో గానీ, ఆమె దాన్ని తనదిగా తీసుకుంది.

ఇక చివరి మెట్టు. 1776 జనవరిలో థామస్ పెయిన్ 'కామన్ సెన్స్' ఫిలడెల్ఫియాలో అచ్చయింది. ఆయన ఇంగ్లండ్ నుంచి వచ్చి ఏడాది దాటిందంతే. అందరూ మంచి రాజు, చెడ్డ మంత్రులు అంటుంటే, అసలు వంశపారంపర్యంగా రాజు ఉండటమే తప్పు, ఒక ఖండాన్ని ఒక దీవి ఏలడమేమిటని సూటిగా అడిగాడు. తాపీ పనివాడికి కూడా అర్థమయ్యే భాషలో. కానీ పుస్తకం ఒక్కటే చేసిందంటే నేనొప్పుకోను. 1775 అక్టోబరులో ఇంగ్లీషు నౌకలు ఫాల్‌మత్ ఊరిని తగలబెట్టాయి. డిసెంబరులో పార్లమెంటు ఒక చట్టం చేసి అమెరికా ఓడలన్నిటినీ శత్రువుల ఓడల్లా పట్టుకోవచ్చంది. మే నెలలో జర్మన్ కిరాయి సైన్యం వస్తోందని తెలిసింది. సొంత బిడ్డలమనుకుంటే మన మీదకి కిరాయి సైనికుల్ని పంపుతారా అని, అప్పటిదాకా ఊగిసలాడుతున్నవాళ్లు కూడా అటు తిరిగారు. ఇంకో అవసరం కూడా ఉంది. తుపాకిమందు కావాలి, అది ఫ్రాన్సే ఇవ్వాలి. రాజుతో రేపు రాజీపడే వాళ్లకి ఫ్రాన్సు బహిరంగంగా ఎందుకు సాయం చేస్తుంది?

ఏప్రిల్‌లో నార్త్ కరోలినా, మే 15న వర్జీనియా తమ ప్రతినిధులకి పచ్చజెండా ఊపాయి. ఊళ్లు, జిల్లాలు, మిలీషియాలు తమంతట తాము చేసిన తీర్మానాలు ఎన్నో. జూలై 2న కాంగ్రెస్‌లో ఓటింగ్: 12 కాలనీలు సరే అన్నాయి, న్యూయార్క్ ఓటు వేయలేదు, 9న ఒప్పుకుంది.

గోదారోడు

రమ గారి మాటకి ఇంకో తోక. అమెరికాలోని యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబరు 19న లొంగిపోయిన ఇంగ్లీషు సేనాపతి కార్న్‌వాలిస్‌కి ఇంగ్లండ్‌లో ఏ శిక్షా పడలేదు. 1786లో గవర్నర్ జనరల్‌గా మన మీదకి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి తర్వాత పదేళ్లు తిరక్కుండానే మన సర్కారు జిల్లాలకీ వచ్చింది, జమీందార్ల కింద రైతు నలిగిన కథ అక్కడ్నుంచే.

ఇంకోటి. అమెరికా యుద్ధంలో భాగంగా మొదలైన పోరులో చివరి దెబ్బల్లో ఒకటి తమిళనాడు కడలూరు దగ్గర, 1783 జూన్‌లో. ఫ్రెంచి, మైసూరు సేనలు ఒకవైపు, ఇంగ్లీషువాళ్లు ఇంకోవైపు. శాంతి కుదిరిందన్న వార్త ఓడలో వచ్చేదాకా కొట్టుకున్నారు. అక్కడ ఫ్రెంచి సేనాపతి ఎవరో తెలుసా, బుస్సీ! 1757లో బొబ్బిలి కోట మీదకొచ్చిన బుస్సీనే.

సీతాకోక

బొబ్బిలి బుస్సీ ఇందులో ఉన్నాడని అస్సలు అనుకోలేదు! అందరికీ చాలా థాంక్స్. బావ గారూ, నాకు 1774 లెక్కే ఎక్కువ నచ్చింది. కోర్టు మూయించి, పన్ను డబ్బు రాజు ఖజానాకి కాకుండా తాము పెట్టుకున్న ఖజానాదారుకి కట్టమని చెప్పుకున్నవాళ్లు ఇంక ఎవరి కింద ఉన్నట్టు? మిగతాది కాగితం మీద పెట్టడమే అనిపిస్తోంది. నల్లకోటు గారు ఒప్పుకోరని తెలుసు. ఒక్క డౌటు: అన్ని విన్నపాలూ రాసిన ఆ డికిన్సన్ చివరికి ఏమయ్యాడు?

నల్లకోటు

ఒప్పుకోను. వూస్టర్ జనం రాజు పేరు మీద ఉన్న చార్టర్ (కాలనీ పాలన ఎలా సాగాలో చెప్పే హక్కుపత్రం) కోసమే ఆ కోర్టు మూయించారు. రాజు మీద ఆశ పోలేదు అప్పటికి. బావ గారి అక్టోబరు తీర్మానం ఒక ఊరిది.

డికిన్సన్ జూలై 1న స్వాతంత్ర్యానికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడాడు. ఇంకా ఫ్రాన్సుతో ఒప్పందం లేదు, కాలనీల మధ్య సమాఖ్య లేదు, ఇప్పుడే తెంచుకుంటే మునుగుతాం అని. మర్నాడు ఓటింగ్‌కి ఆయనా, రాబర్ట్ మోరిసూ సభలో కూర్చోకుండా దూరంగా ఉండిపోయారు. అలా పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. ప్రకటన మీద ఆయన సంతకం లేదు. కానీ ఆ తర్వాత కొద్ది రోజులకే తన మిలీషియా దళంతో న్యూజెర్సీ వైపు బయల్దేరి వెళ్లాడు, తాను వద్దన్న స్వాతంత్ర్యం తరఫున పోరాడ్డానికి. 1787 రాజ్యాంగ సభలో డెలవేర్ ప్రతినిధిగా మళ్లీ కనిపిస్తాడు.